అనాథపిండికుడు: దానాన్ని నిలబెట్టిన గృహస్థుడు



ఈ చిన్న పుస్తకం మీ చేతికి మదనపల్లె టమోటా మండీ దగ్గర అందిందో, పుంగనూరు బస్టాండులో అందిందో, కుప్పం స్టేషన్లో బెంగుళూరు బండి కోసం నిలబడి ఉన్నప్పుడు ఎవరైనా చేతిలో పెట్టారో. ఎక్కడ అందినా సరే, ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ వాడలో ఏప్రిల్ 14న మొదలైన మంచి పనులు ఎన్ని? మళ్ళీ ఏప్రిల్ వచ్చేదాకా నడిచినవి ఎన్ని? సాయంత్రం ట్యూషను, చిన్న గ్రంథాలయం, ఆడపిల్లలకు కుట్టు మిషన్ల సెంటరు. మొదలుపెట్టే రోజు ఇచ్చేవాళ్ళకు కొదవ ఉండదు. ఫ్లెక్సీలో పేరు ఉంటుంది, మెడలో దండ ఉంటుంది. ఆరు నెలలు తిరిగేసరికి కరెంటు బిల్లు కట్టేవాడు కనబడడు, తలుపుకు తాళం పడిపోతుంది. మనవాళ్ళకు ఇచ్చే గుణం లేదని నేను అనను. ఇచ్చినదాన్ని నిలబెట్టే పద్ధతి మనకు సరిగ్గా పట్టుబడలేదు, అంతే.

ఆ పద్ధతిని సుమారు 2500 ఏళ్ళ కిందటే ఆచరించి చూపించిన ఒక గృహస్థు జీవితం ఇది. ఆయన భిక్ఖువు కాడు. పెళ్ళాం బిడ్డలు, వ్యాపారం, అప్పులు, నష్టాలు అన్నీ ఉన్న మనిషి.

ఆయన అసలు పేరు సుదత్తుడు. కోసల రాజ్యానికి రాజధాని అయిన సావత్థి నగరంలో పెద్ద వర్తకుడు. దిక్కులేనివాళ్ళకు అన్నం పెట్టేవాడు కాబట్టి జనం ఆయన్ని అనాథపిండికుడు అన్నారు. రానురాను అసలు పేరు మరుగున పడి, జనం పెట్టిన పేరే నిలిచిపోయింది. ఇది బుద్ధుణ్ణి కలవక ముందు మాట. గుర్తుపెట్టుకోండి, ఆయనకు జాలి ధమ్మం నేర్పింది కాదు. జాలి ముందునుంచే ఉంది. ధమ్మం నేర్పింది వేరే.

ఒకసారి వ్యాపారం పని మీద మగధ రాజధాని రాజగహానికి పోయాడు. అక్కడ ఆయన బావమరిది కూడా పేరున్న వర్తకుడే. ఎప్పుడు పోయినా పనులన్నీ పక్కనపెట్టి ఎదురొచ్చే బావమరిది ఆ రోజు పట్టించుకోలేదు. రేపు తెల్లవారి గంజి కాయాలి, అన్నం వండాలి, కూరలు చేయాలి అని పనివాళ్ళకు పురమాయిస్తూ తిరుగుతున్నాడు. ఇంట్లో పెళ్ళా, లేక బింబిసార మహారాజు భోజనానికి వస్తున్నాడా అని సుదత్తుడికి అనుమానం వచ్చింది. రెండూ కాదు, బుద్ధుడూ సంఘమూ వస్తున్నారని తెలిసింది. ఆ మాట చెవిన పడ్డాక ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లవారిందనుకుని రాత్రి మూడుసార్లు లేచాడు. చివరికి చీకట్లోనే ఊరు దాటి, శ్మశానం పక్కన ఉండే సీతవనానికి భయపడుతూనే నడిచాడు. అక్కడ వేకువన పచార్లు చేస్తున్న బుద్ధుడు ఆయన్ని అనాథపిండికుడని పిలవలేదు. సుదత్తా అని, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచాడు. దాతగా కాకుండా మనిషిగా పిలిచాడన్నమాట.

బుద్ధుడు ఆయనకు దానం, శీలంతో మొదలుపెట్టి దుక్ఖం, దాని కారణం, దాని నిరోధం, ఆ నిరోధానికి దారి దాకా చెప్పాడు. సుదత్తుడు ఆ రోజే ఉపాసకుడయ్యాడు. మరుసటి రోజు భోజనం పెడతానన్నాడు. పొరుగూరి మనిషివి, ఖర్చు మేము పెట్టుకుంటామని బావమరిది వచ్చాడు, ఊరి వర్తక పెద్ద వచ్చాడు, రాజు కూడా కబురు పంపాడు. ఆయన ఎవరి దగ్గరా తీసుకోలేదు. నాకు ఈ చోట ఆయన కొంచెం పట్టుదల మనిషిగా కనిపిస్తాడు. అన్నీ నేనే చేయాలనే పట్టుదల. అయితే ఇంటికి తిరిగిపోయే దారిలో వేరే సుదత్తుడు కనిపిస్తాడు. లోకంలో బుద్ధుడు వెలిశాడు, ఈ దారినే వస్తాడు, మీ మీ ఊళ్ళలో తోటలు వేయండి, బస చేసే చోట్లు కట్టండి అని దారి పొడుగునా జనానికి చెప్పుకుంటూ పోయాడు. వాళ్ళు కట్టారు కూడా. రాజగహంలో ఒక్కడే భోజనం పెట్టినవాడు, సావత్థి చేరేలోగా ఊళ్ళకు ఊళ్ళను దాతలను చేశాడు.

సావత్థి చేరి చోటు వెతికాడు. ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గర కాకూడదు. వచ్చిపోయేవాళ్ళకు దారి ఉండాలి. పగలు రద్దీ, రాత్రి గోల ఉండకూడదు. గమనించండి, తనకు ఏ స్థలం ఉంది, అందులో ఏది ఇచ్చేద్దాం అని ఆలోచించలేదు. తీసుకునేవాళ్ళకు ఎలాంటిది కావాలి అని ఆలోచించాడు. మనూళ్ళలో హాస్టలు కట్టమని ఎవరైనా స్థలం ఇస్తే అది ఎక్కడ ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. వంక పక్కనో, శ్మశానం వెనకో ఉంటుంది.

ఆయనకు నచ్చిన తోట జేత రాకుమారుడిది. నేలంతా నాణేలు పరిచినా అమ్మనని జేతుడు అన్నాడు. ధర చెప్పావు కాబట్టి అమ్మినట్టే అని సుదత్తుడు వాదించాడు. తగవు న్యాయాధికారుల దగ్గరికి పోయింది, వాళ్ళు సుదత్తుడి వైపే తేల్చారు. బండ్లతో నాణేలు తోలించి నేల మీద పరిపించాడు. ఈ దృశ్యాన్ని మధ్యప్రదేశ్‌లోని భార్హుత్ స్తూపం మీద శిల్పులు రాతిలో చెక్కారు. ఎద్దులు విప్పిన బండి, నేల మీద చదరపు నాణేలు పేరుస్తున్న పనివాళ్ళు, నీళ్ళ పాత్ర పట్టుకుని నిలబడ్డ సుదత్తుడు. కోల్‌కతా మ్యూజియానికి పోతే చూడవచ్చు.

కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఈ నాణేల దగ్గర ఆగిపోతారు. నేను తర్వాతి ముక్క దగ్గర ఆగమంటాను. మొదటి విడత తెచ్చిన నాణేలు గుమ్మం దగ్గర కొంచెం జాగాకు చాలలేదు. ఇంకా తెమ్మని మనుషుల్ని పంపుతుంటే, జేతుడు మనసు మార్చుకుని ఆ జాగా నాకు వదిలెయ్యి, అది నా దానంగా ఉండనీ అని అడిగాడు. సుదత్తుడి దగ్గర డబ్బు లేక కాదు. అయినా ఒప్పుకున్నాడు. పేరున్న మనిషి ఒకడు ధమ్మం వైపు వస్తే అది నాణేల కంటే విలువైనది అనుకున్నాడు. జేతుడు ఆ జాగాలో ద్వారమంటపం కట్టించాడు. తోటకు పేరు కూడా జేతవనమనే నిలిచిపోయింది. కోట్లు పోసినవాడి పేరు వెనక, మూల జాగా ఇచ్చినవాడి పేరు ముందు! శిలాఫలకం మీద పేరు మూడో వరసలో వచ్చిందని సభలోంచి లేచిపోయే దాతలను చూస్తుంటాం కదా మనం.

తోటలో ఆయన కట్టించినవాటి జాబితా వినయ గ్రంథంలో ఉంది. గదులు, నిలవ కొట్లు, చలి కాచుకునే శాలలు, నడిచే తిన్నెలు, బావులు, బావి మీద కప్పులు, స్నానశాలలు, కొలనులు, మంటపాలు. మరుగుదొడ్లు కూడా. మరుగుదొడ్డికి డబ్బిచ్చే దాత ఈనాటికీ అరుదే. అట్ఠకథలు స్థలానికి 18 కోట్లు, కట్టడాలకు 18 కోట్లు, ప్రారంభ ఉత్సవానికి 18 కోట్లు, మొత్తం 54 కోట్లు అని లెక్క చెబుతాయి. పాతకాలపు గొప్ప అంకెలు అవి, పట్టింపు లేదు.

పట్టింపు ఉన్న సంగతి వేరే ఉంది. అన్నీ సిద్ధమయ్యాక, ఈ జేతవనాన్ని ఏం చేయమంటారని ఆయన అడిగితే, బుద్ధుడు తన పేరు మీద పెట్టమనలేదు. ఫలానా భిక్ఖువుకు ఇవ్వమనలేదు. నాలుగు దిక్కుల నుంచి వచ్చే సంఘానికి, ఇప్పటికే వచ్చినవాళ్ళకూ ఇకముందు రాబోయేవాళ్ళకూ కలిపి ఇవ్వమన్నాడు. ఈ ఒక్క మాటతో దానం తీరే మారిపోయింది. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోలేడు. తీసుకున్నవాడు అమ్ముకోలేడు. ఇంకా పుట్టనివాడికి కూడా అందులో హక్కు ఉంది. బుద్ధుడు జేతవనంలో 19 వర్షావాసాలు గడిపాడని సంప్రదాయం. ఆయన పోయాక కూడా ఆ చోటు పడుతూ లేస్తూ ఉండింది. 1130లో కనౌజ్ రాజు గోవిందచంద్రుడు జేతవన సంఘానికి 6 గ్రామాలు దానం చేసిన రాగి శాసనం ఉత్తరప్రదేశ్‌లోని సాహేత్ దిబ్బల తవ్వకాల్లో దొరికింది. అంటే సుదత్తుడి తర్వాత 1500 ఏళ్ళు దాటాక కూడా అదే చోటికి ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

ఇంత చెప్పాక ఆయన ఇంట్లోకి కూడా తొంగిచూడాలి. ఆ ఇంట్లో పుణ్ణిక అనే దాసి ఉండేది. దాసికి పుట్టిన దాసి. చలికాలంలో కూడా నీళ్ళు తేవడానికి నదిలో దిగేది, దిగకపోతే యజమానురాళ్ళ దెబ్బలు, తిట్లు. ఊరి అనాథలకు అన్నం పెట్టే ఇంట్లోనే! దీన్ని దాచిపెట్టి ఆయన జీవితం చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ పుణ్ణికే ఒకరోజు పాపం కడుక్కోవడానికి చలిలో వణుకుతూ నదిలో మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి చూసి, నీళ్ళతో పాపం పోయేదైతే కప్పలు, తాబేళ్ళు అన్నీ స్వర్గానికి పోవాలి కదా అని నిలదీసింది. ఆయన మారి బుద్ధుణ్ణి శరణన్నాడు. ఈ సంగతి తెలిసి సుదత్తుడు ఆమెకు దాస్యం నుంచి విడుదల ఇచ్చాడు. ఆమె భిక్ఖుణి అయి, ఆమె గాథలు థేరీగాథల్లో చేరాయి. విడుదల పొందడానికి ఆమె అంత గొప్పతనం చూపించాల్సి వచ్చింది, చూడండి. మిగతా దాసీల సంగతి గ్రంథాలు చెప్పవు. బుద్ధుడు సుదత్తుడికి సంపద ఎలా వాడాలో చెప్పినప్పుడు మొదట పెట్టింది తననూ తల్లిదండ్రులనూ భార్యాబిడ్డలనూ పనివాళ్ళనూ సుఖంగా ఉంచడం. సమణులకు దానం ఆ జాబితాలో చివర్న వస్తుంది. పనివాడి కూలి ఎగ్గొట్టి అన్నదానం చేసేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదువుకోవాలి.

దానం నడిపించే పని ఆయన కూతుళ్ళ చేతుల్లో పెట్టాడు. రోజూ ఎంతమందికి వండాలి, జబ్బుపడ్డవాళ్ళకు ఏం పంపాలి అని మొదట పెద్ద కూతురు మహాసుభద్ద చూసింది. ఆమె అత్తవారింటికి పోయాక చూలసుభద్ద, ఆ తర్వాత సుమన. దాత ఊరెళ్ళినా పొయ్యి ఆరకుండా ఉండేది ఇలాగే.

తర్వాత చెడ్డ కాలం వచ్చింది. వ్యాపారులు ఆయన దగ్గర 18 కోట్లు అప్పు తీసుకుని తిరిగి ఇవ్వలేదు, ఈయన అడగలేదు. నది ఒడ్డున పాతిపెట్టిన మరో 18 కోట్లు వరదకు గట్టు తెగి కొట్టుకుపోయాయి. టమోటా కిలో రెండు రూపాయలకు పడిపోయి మండీలోనే పారబోసి వచ్చిన రైతుకు ఆ స్థితి వివరించక్కర్లేదు. అయినా ఆయన పెట్టడం మానలేదు. పెట్టేది మాత్రం మారింది. మంచి అన్నం పోయి నూకల గంజి, పులిసిన కూర వచ్చాయి. బుద్ధుడు ఇంట్లో దానం సాగుతోందా అని అడిగితే, సాగుతోంది గాని ముతక తిండే అని సిగ్గుపడి చెప్పుకున్నాడు. ముతకదా మంచిదా అన్నది కాదు, గౌరవంతో, స్వయంగా, పారేసేది కాకుండా ఇస్తున్నావా అన్నదే లెక్క అని బుద్ధుడు ధైర్యం చెప్పాడు. అంతటితో ఆగలేదు. వెనకటికి వేలాముడనే వాడు చేసిన మహాదానం కథ చెప్పి, దానికంటే సంఘానికి విహారం కట్టడం మేలని, దానికంటే శరణం, శీలం మేలని, వాటికంటే ఒక్క క్షణం మైత్రి భావన మేలని, దానికంటే చిటికెసేపు అనిత్యాన్ని చూడగలగడం మేలని చెప్పాడు. ఎదురుగా కూర్చున్నది దాతలందరిలో మొదటివాడని తానే పేరుపెట్టిన మనిషి. ఆ మనిషికే, దానం మొదటి మెట్టు మాత్రమే అని చెప్పడానికి బుద్ధుడు మొహమాటపడలేదు.

ఆయన గడప మీద ఒక దేవత ఉండేదని, ఇకనైనా దానాలు ఆపి వ్యాపారం చూసుకోమని చెప్పిందని, ఆయన ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొట్టాడని కథ. నాకైతే ఆ దేవత ప్రతి ఇంట్లోనూ అర్ధరాత్రి చెవిలో గొణిగే భయమే. కథలో ముచ్చటైన మలుపు తర్వాత ఉంది. నిలవ నీడలేక క్షమాపణ అడగడానికి వచ్చిన ఆ దేవత చేసిన ప్రాయశ్చిత్తం మంత్రం కాదు. గుమాస్తా వేషం వేసుకుని, అప్పు పత్రాలు చేతబట్టుకుని, బాకీదార్ల ఇళ్ళకు పోయి 18 కోట్లూ వసూలు చేసింది. అంటే పత్రాలు ఉన్నాయి, అడిగేవాడే లేడు! దాతకు మంచి మనసు ఒక్కటే చాలదు, లెక్క అడిగే మనిషి కూడా కావాలని కథ కట్టినవాళ్ళకు బాగా తెలుసు.

ఆ గంజి రోజుల్లో బయటపడింది ఏమంటే, సావత్థిలో దానమంతా ఒక్క ఇంటి ఖజానా మీద నడిచింది. ఆ ఇల్లు కుంగితే దానమూ కుంగింది. ఆ తర్వాతి శతాబ్దాల్లో మన దక్కన్ బౌద్ధులు దీనికి మందు కనిపెట్టారు. దాని పేరు అక్షయనీవి. అంటే తరగని మూలధనం. నాసిక్ గుహల్లో నహపాణుడి అల్లుడు ఉషవదాతుడు చెక్కించిన శాసనం చూడండి, దాదాపు 1900 ఏళ్ళ నాటిది. 3000 కహాపణాలు సంఘం కోసం పెట్టాడు. డబ్బు భిక్ఖువులకు ఇవ్వలేదు, సాలెవాళ్ళ శ్రేణుల దగ్గర ఉంచాడు. ఒక శ్రేణి దగ్గర 2000, నూటికి నెలకు ఒకటి వడ్డీ. ఇంకో శ్రేణి దగ్గర 1000, నూటికి నెలకు ముప్పావు వడ్డీ. మన భాషలో రూపాయి వడ్డీ, ముప్పావలా వడ్డీ! అసలు తిరిగి తీసుకోవడానికి లేదు, వడ్డీ మాత్రమే వాడాలి. లెక్క వేసుకోండి. 2000 మీద ఏడాదికి 240. గుహలో వర్షావాసం చేసే 20 మంది భిక్ఖువులకు బట్టల కోసం తలా 12. సరిగ్గా సరిపోతుంది. చిన్న మొత్తం మీద వచ్చేది ఇతర అవసరాలకు. ఈ ఏర్పాటును నగర సభలో చదివి వినిపించి, పత్రంలో రాయించారు. దాత చనిపోయినా, రాజ్యం మారినా నడిచేలా పెట్టిన ఏర్పాటు ఇది. సాలెవాళ్ళకు మగ్గాలకు పెట్టుబడి, సంఘానికి బట్ట. మదనపల్లె నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాల మధ్య తిరిగేటప్పుడు నాకు ఈ శాసనం గుర్తుకొస్తుంటుంది.

పెద్ద మొత్తం లేనివాళ్ళు ఏం చేశారంటారా? అమరావతికి రండి. అక్కడి మహాచైత్యాన్ని ఒక రాజు కట్టలేదు. గృహస్థులు, వాళ్ళ భార్యలు, భిక్ఖుణులు, వర్తకులు, సుగంధాలు అమ్మేవాళ్ళు తలా ఒక రాయి, ఒక స్తంభం ఇచ్చి కట్టారు. ఆ దాతల్లో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలు, చుట్టాలు, స్నేహితులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చినట్టు తన పేరుతో శాసనం వేయించాడు. ఆ తర్వాతి కాలంలో మనల్ని గుడి గడప తొక్కనివ్వలేదు. అంతకు ముందు మనవాడి పేరు చైత్యం రాతి మీదే ఉంది.

1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో ఒక బ్యాంకరు ఆలోచనతో ఊరుమ్మడి నిధి పెట్టారు. కమ్యూనిటీ ఫౌండేషన్ అంటారు. ఊరివాళ్ళు చిన్నా పెద్దా మొత్తాలు ఒకే నిధిలో వేస్తారు. అసలు భద్రంగా ఉంటుంది. దాని మీద వచ్చే ఆదాయాన్ని ఊళ్ళో పనిచేస్తున్న సంస్థల్లో ఏ ఏటికి దేనికి ఇవ్వాలో స్థానికుల కమిటీ తేలుస్తుంది. నిధి తానే బడి నడపదు, తానే ఆసుపత్రి నడపదు. నడిపేవాళ్ళకు ఊపిరి పోస్తుంది. సుదత్తుడు కూడా సంఘానికి ధమ్మం నేర్పబోలేదు, నీళ్ళు, గదులు, మందులు చూసుకున్నాడు. కలిసి మోయడం మన ప్రాంతానికి కూడా కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1912లో చిన్నగా మొదలై 1915లో ఇప్పటి చోటికి వచ్చింది. క్షయకు మందే లేని రోజులవి. డేనిష్ డాక్టరు ఫ్రిమాట్ మోలర్ దాన్ని నడిపాడు గాని, ఖర్చు ఒక్క మిషన్ మోయలేదు. వేరు వేరు దేశాల మిషన్లు కలిసి పంచుకున్నాయి. వాళ్ళది వేరే మతం, అయితేనేం. పద్ధతి నేర్చుకోవడానికి మతం అడ్డం కాదు.

మీ వాడలో 100 ఇళ్ళు నెలకు 100 రూపాయలు వేస్తే ఏడాదికి 1,20,000. అందులో సగం అసలుగా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసి ముట్టకుండా ఉంచండి, సగం ఇప్పటికే నడుస్తున్న ట్యూషనుకో గ్రంథాలయానికో ఇవ్వండి. సొసైటీగా రిజిస్టరు చేయించండి. ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి, ఒకరు ఆడమనిషి అయితే మరీ మంచిది. 80జీ అనుమతి తెచ్చుకుంటే, పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టే మన ఉద్యోగులకు మినహాయింపు వస్తుంది. ఏడాదికోసారి బుద్ధ పౌర్ణమి నాడు లెక్క అందరి ముందూ చదవండి. టమోటా ధర పడిన ఏడాది 100 ఇవ్వలేనివాడు 10 ఇచ్చినా పుస్తకంలో పేరు అదే వరసలో రాయండి. నూకల గంజి కూడా దానమే అని ఇందాకే చూశాం కదా.

సుదత్తుడి చివరి రోజు సంగతి కూడా చెప్పాలి. జబ్బు ముదిరి మంచం దిగలేని స్థితిలో, సారిపుత్తుడికి కబురు పెట్టాడు. సారిపుత్తుడు ఆనందుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, నొప్పి తగ్గుతోందా పెరుగుతోందా అని అడిగాడు. పెరుగుతోందన్నాడు. అప్పుడు సారిపుత్తుడు కన్నును పట్టుకోవద్దు, చెవిని పట్టుకోవద్దు, రూపాన్ని, శబ్దాన్ని, ఈ లోకాన్ని, పై లోకాన్ని, దేన్నీ పట్టుకోకుండా ఉండటం అభ్యసించమని ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ పోయాడు. సుదత్తుడు ఏడ్చాడు. ధైర్యం చెడుతోందా అని ఆనందుడు కంగారుపడ్డాడు. అది కాదు, ఇన్నేళ్ళు బుద్ధుణ్ణీ సంఘాన్నీ కొలిచాను, ఇలాంటి ధమ్మం ఎన్నడూ వినలేదు అన్నాడు ఆయన. తెల్లబట్టల గృహస్థులకు ఇది చెప్పరని జవాబు వచ్చింది. అయితే చెప్పండి, కళ్ళలో దుమ్ము కొంచెమే పడ్డవాళ్ళు మాలోనూ ఉన్నారు, వినక నష్టపోతున్నారు అని ఆయన బతిమాలాడు. వాళ్ళు వెళ్ళిన కాసేపటికి ప్రాణం విడిచాడు.